సెంగోడన్ స్టీరింగు అప్పగింత

సెంగోడన్ సాధించిన మొదటి విజయం లారీ కుడి తలుపు తెరవడం. అందుకు అతనికి నాలుగేళ్ళ రెండు నెలలు పట్టింది.

ఇప్పటివాళ్ళకు ఇదొక విజయంలా కనిపించకపోవచ్చు. సేలం పక్కనున్న మా రాశిపురం లారీల్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎడమ తలుపు క్లీనరుది, కుడి తలుపు డ్రైవరుది. క్లీనరు బండి కడగాలి, టైర్లు కొట్టి చూడాలి, టార్పాలిన్ కట్టాలి, డ్రైవరుకు అన్నం వండాలి, ఆయన తిట్టినప్పుడు తల వంచుకోవాలి. కుడి తలుపు పిడిని మాత్రం గుడ్డతో తుడవాలే తప్ప చేత్తో తాకకూడదు. ఏదో ఒక రోజు డ్రైవరు దారి పక్కన బండి ఆపి దిగుతాడు. బండి ముందు నుంచి తిరిగి వచ్చి ఎడమ తలుపు తెరుస్తాడు. నోటితో ఏమీ అనడు. క్లీనరు దిగి, అదే దారిన వెళ్ళి కుడి తలుపు తెరవాలి. దాన్నే స్టీరింగు అప్పగించడం అంటాం. స్టీరింగు ఒక చేతి నుంచి ఇంకొక చేతికి పోవాలి. ఖాళీ సీటు మీద వదిలేసి దిగిపోయిన డ్రైవరును మావాళ్ళు బిడ్డను సంతలో వదిలి వచ్చినవాణ్ణి చూసినట్టు చూస్తారు.

1985లో, తొప్పూరు కనుమ దిగిన తర్వాత, నాచిముత్తు అనే పెద్ద డ్రైవరు బండి ఆపి సెంగోడన్‌కు స్టీరింగు అప్పగించాడు. అప్పుడు సెంగోడన్‌కు ఇరవై ఏళ్ళు. వీపు మీద నాచిముత్తు స్పానరు పడని చోటు లేదు. ఆ మచ్చలు చూపించి, "ఇది క్లచ్చు నేర్చుకున్నప్పటిది, ఇది గేరు, ఇదిగో ఇది రివర్సు" అని అందరికీ చెప్పేవాడు. నేనూ నాచిముత్తు దగ్గర నేర్చుకున్నవాణ్ణే. సెంగోడన్ కంటే తొమ్మిదేళ్ళు ముందే కుడి తలుపు తెరిచాను. పంచాయతీ బడిలో అయిదు దాకానే చదివాను గానీ, మైలురాయి ఏ లిపిలో ఉన్నా చదవగలను. కనుక ఈ మనిషి సంగతి చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నాను.

నలభై ఏళ్ళలో సెంగోడన్ సాధించినవి రాయాలంటే చాలా ఉన్నాయి. మా సగ్గుబియ్యం మిల్లుల సరుకు నాగపూరుకు, ఇండోరుకు, కలకత్తాకు మోశాడు. ఒక్క బస్తా తడవలేదు. 1994లో అదే తొప్పూరు కనుమలో బ్రేకులు పోతే, బండిని కొండ వైపుకి తీసుకుపోయి ఆవును గాటికి కట్టేసినట్టు ఆనించి ఆపాడు. బెంగాల్లో వరద వచ్చి పదకొండు రోజులు బండి పైకప్పు మీదే కూర్చున్నాడు. దిగి వచ్చాక ఓనరు అడిగిన మొదటి మాట, "బస్తాలు ఎట్లా ఉన్నాయి?" తొమ్మిది భాషల్లో మంచినీళ్ళు అడగగలడు. పదకొండు భాషల్లో తిట్లు అర్థం చేసుకోగలడు. ఈ రెంటి మధ్య తేడా ఎందుకని అడిగితే, "రెండు భాషలవాళ్ళు నీళ్ళు అడిగేదాకా రానియ్యలేదు" అన్నాడు.

ఇంటి దగ్గర సాధించినవి మాత్రం తక్కువ. కూతురు పుట్టినప్పుడు గౌహతిలో ఉన్నాడు. కొడుకు చెవులు కుట్టించినప్పుడు ఇండోరు గోదాము ముందు వరసలో ఉన్నాడు. తన పెళ్ళికే ముహూర్తం చివరి పావుగంటలో చేరాడు. గ్రీజు చేతులతో తాళి కట్టాడు, సాయంత్రానికి లోడు బండెక్కాడు. పెళ్ళి ఆల్బంలో యాభై రెండు ఫొటోలుంటే అతను ఉన్నది మూడింటిలో. మిగతా వాటిలో పావాయి ఒక్కతే నిలబడి ఉంటుంది.

పావాయి అంటే అతని భార్య. తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడితే దెబ్బ గట్టిగా పడుతుంది. ఈ ఏడు ఆవణి నెలలో, అంటే ఆగస్టు, సెప్టెంబరుల మధ్య, సెంగోడన్‌కు అరవై నిండుతాయని తెలియగానే ఆమె షష్టిపూర్తికి రోజు పెట్టించింది. సెప్టెంబరు నాలుగు, గురువారం, ఉదయం ఆరు నుంచి ఏడున్నర. మూడు వందల శుభలేఖలు అచ్చు వేయించింది. అప్పుడు చెప్పింది మొగుడితో.

"ఏమయ్యా, మొదటి పెళ్ళికి పావుగంట కూర్చున్నావు. ఈ పెళ్ళికన్నా పూర్తిగా కూర్చో."

"కూర్చుంటాలేవే."

"నువ్వు కూర్చుంటావు. నీ బండి కూర్చోనిస్తదా అని. మన ఇంటికి కరెంటు మీటరు చూసేవాడు నీకంటే ఎక్కువసార్లు వచ్చాడు."

సెంగోడన్ వెళ్ళి ఓనరును అడిగాడు. ఓనరు పేరు కుళందవేలు. నలభై రెండు లారీలు. ఆయనా ఒకప్పుడు క్లీనరే. ఆ సంగతి రోజుకు రెండుసార్లు చెబుతాడు, అందులో ఒకసారి ఎవరూ అడగకుండానే.

"శుభ్రంగా చేసుకోరా పెళ్ళి. పెళ్ళే కాదు, విశ్రాంతి కూడా తీసుకో," అన్నాడు కుళందవేలు. "ఎవరికో ఒకరికి స్టీరింగు అప్పగించి పో. కట్టుబాటు నీకు తెలియంది కాదు."

ఉదారమైన మాట. ఒకటే ఇబ్బంది. అప్పగిద్దామంటే పుచ్చుకునేవాడు లేడు. కుళందవేలు పెరట్లో అప్పటికే పదిహేను లారీలు డ్రైవర్లు లేక నిలబడి ఉన్నాయి. ఒక లారీ కింద కోడి పిల్లలు చేసింది. క్లీనర్లను పెట్టుకోవడం దండగని ఓనర్లంతా కలిసి పదేళ్ళ కిందటే మానేశారు. ఎడమ తలుపు మూసేసి, కుడి తలుపు తెరిచేవాళ్ళు రావడంలేదేమని ఇప్పుడు ఆశ్చర్యపోతున్నారు. విత్తనాల ఖర్చు మిగుల్చుకున్న రైతు కోతకు కొడవలి పట్టుకుని పోయినట్టుంది.

సెంగోడన్ వెతకడం మొదలుపెట్టాడు. ముందు పావాయి అన్న కొడుకు గోకుల్ దగ్గరికి పోయాడు. ఇరవై నాలుగేళ్ళవాడు. లారీ నడిపే లైసెన్సు ఉంది. సేలంలో మోటారు సైకిలు మీద ఇంటింటికీ బిరియానీ పొట్లాలు చేరుస్తుంటాడు.

"ఏరా అల్లుడూ, అంత లైసెన్సు పెట్టుకుని కోడికాళ్ళు మోస్తున్నావేంట్రా?"

"నువ్వు బస్తాలు మోస్తావు, నేను కోడికాళ్ళు మోస్తా. కాకపోతే మామా, పొద్దు మునిగితే నా మంచం మీద నేను పడుకుంటా."

"దేశమంతా చూడొచ్చురా."

"ఫోన్లో చూస్తున్నా. అందులో అయితే పోలీసులు చెయ్యెత్తరు." వాడు హెల్మెట్ తీసి కాస్త దగ్గరికి వచ్చాడు. "అసలు సంగతి విను మామా. పోయిన నెల పిల్లను చూడ్డానికి పోయాం. వాళ్ళ అవ్వ నన్ను పక్కకు పిలిచి అడిగింది, 'నీకు లారీ లైసెన్సు ఉందంట కదయ్యా, నిజమేనా?' అని. హత్య కేసు ఉందంట కదా అన్నట్టు అడిగింది."

"నువ్వేం చెప్పావు?"

"లేదవ్వా, ఎవరో గిట్టనివాళ్ళు చెప్పుంటారన్నా."

సెంగోడన్ ఇంకా నలుగురైదుగురిని అడిగాడు. ఇంజనీరింగు చదివి ఆరేళ్ళుగా ఉద్యోగం వెతుక్కుంటున్న ఒకబ్బాయి ఇంటికి పోతే, వాళ్ళమ్మ మజ్జిగ ఇచ్చింది. వచ్చిన పని చెప్పగానే ఖాళీ గ్లాసు తీసుకుని, ఇక రావద్దంది. సొంత కొడుకును అడగొచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. వాడు ఈరోడులో బట్టల మిల్లు గుమస్తా. చిన్నప్పుడు బండెక్కి కూర్చుంటే కాళ్ళు విరగ్గొడతానని బెదిరించి బడికి తరిమినవాడు సెంగోడనే. ఆ పని చెయ్యని డ్రైవరు నాకు తెలిసి మా తాలూకాలో లేడు. నేనూ చేశాను.

ఆగస్టు మధ్యలో లారీ ఓనర్లు రాశిపురం కల్యాణ మండపంలో ఒక మహానాడు పెట్టారు. డ్రైవర్ల కొరత నివారణ మహానాడు. గేటు మీద కట్టిన బ్యానరులో యాభై మంది ఓనర్ల ఫొటోలు వేశారు. డ్రైవరు ఫొటో ఒక్కటీ లేదు, కొరతను కళ్ళకు కట్టడానికే కాబోలు. ఓనర్లకు మెత్తని కుర్చీలు. డ్రైవర్లు నలుగురే వచ్చారు, మిగతావాళ్ళు రోడ్డు మీద ఉన్నారు కనుక. ఆ నలుగురిని గోడ వారగా నిలబెట్టారు. నేను రిటైరైన పెద్దమనిషిని కాబట్టి నాకు ప్లాస్టిక్ కుర్చీ దొరికింది.

ఉపన్యాసాలు బాగా జరిగాయి. కుర్రాళ్ళు ఎందుకు రావడంలేదో ఒక్కొక్కరూ ఒక్కొక్క కారణం కనిపెట్టారు. ఫోన్లవల్ల అని ఒకాయన. రేషను బియ్యం వల్ల అని ఒకాయన. కాలేజీలు ఎక్కువయ్యాయని, ఒళ్ళు వంగడం తగ్గిందని, తల్లుల గారాబమని, కోళ్ళ మేతలో మందు కలుపుతున్నారని కూడా ఒకాయన అన్నాడు. ఒక్కరూ లారీ వైపు వేలు చూపలేదు. చివరికి తీర్మానం చేశారు: ఇకమీదట డ్రైవరును డ్రైవరు అనకూడదు, 'రహదారి మాణిక్యం' అనాలి. చప్పట్లు మోగాయి. అప్పుడు గోడ దగ్గర సెంగోడన్ చెయ్యెత్తాడు.

"చూశారా, మన సీనియర్ మాణిక్యం ఏదో సలహా ఇస్తానంటున్నాడు! చెప్పరా సెంగోడా," అన్నాడు మైకు పట్టుకున్న కుళందవేలు.

"సలహా కాదయ్యా. కూర్చోవచ్చా అని."

మండపం నవ్వింది. కుర్చీ మాత్రం రాలేదు. సెంగోడన్ నిలబడే, ఎటూ చెయ్యెత్తాడు కదా అని అసలు సంగతి కూడా అడిగేశాడు. "నాలుగో తారీకు నా షష్టిపూర్తి. ఇరవై అయిదున నాగపూరు లోడుంది. బండి ఎవరికి అప్పగించాలో ఈ సభలోనే చెప్పండయ్యా."

సభ ఒక్కసారిగా భోజనాల వైపు చూసింది. పక్క ఊరి ఓనరు ఒకాయన, కుళందవేలుకు ఎప్పటినుంచో పోటీ, కూర్చున్నచోటే అన్నాడు. "మీ ఇనియన్ ఉన్నాడు కదండీ. వ్యాయామశాలకు పోయి ఇనుము ఎత్తుతున్నాడంట. ఆ చేతులతో స్టీరింగు తిప్పిస్తే రెండు పనులూ అవుతాయి."

ఇనియన్ కుళందవేలు ఒక్కగానొక్క కొడుకు. ఇరవై ఏడేళ్ళు. కోయంబత్తూరులో రవాణా నిర్వహణ చదివి వచ్చాడు. సరదాకు పెద్ద లైసెన్సు కూడా తీసుకున్నాడు. యాభై మంది చూస్తుండగా కుళందవేలు వెనక్కి తగ్గలేకపోయాడు. "పంపుతాను. నా కొడుకే ఎక్కుతాడు. మేం చేసి చూపించే రకం!" అన్నాడు. ఇనియన్ లేచి నిలబడి, "సరే నాన్నా," అన్నాడు. పేపరువాళ్ళు ఫొటో తీశారు.

ఇనియన్ దద్దమ్మ కాడు. పది రోజులు పొద్దున్నే వచ్చి సెంగోడన్ పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. చెయ్యి మంచిది, చూపు మంచిది, అడగడానికి సిగ్గుపడడు. ఇరవై అయిదో తారీకు తెల్లవారి సెంగోడన్ లోడు బండిని మిల్లు గేటు బయట ఆపి, దిగి, ముందు నుంచి తిరిగి వచ్చి, ఎడమ తలుపు తెరిచాడు. ఇనియన్ దిగి వెళ్ళి కుడి తలుపు తెరిచాడు. సెంగోడన్ కళ్ళు తుడుచుకున్నాడు. పావాయి ఆ ఉదయమే వంటవాళ్ళకు బయానా ఇచ్చింది.

ఆ తర్వాత ఏం జరిగిందో నాకు ఇనియన్ చెప్పిందీ సెంగోడన్ చెప్పిందీ ఒకటే, కనుక నమ్మొచ్చు.

తూకం కోసం బండి మళ్ళీ మిల్లు గేటులోకి పోవాల్సి వచ్చింది. గేటు దగ్గరి కాపలావాడు, కారులో వస్తే ఇనియన్‌కు రెండు చేతులతో సలాము కొట్టేవాడే, మొహం కూడా చూడకుండా కర్రతో బండి తలుపును కొట్టాడు. "రేయ్, ఎక్కడికిరా దూసుకొస్తున్నావ్? వెనక్కి తియ్!" తూకం గుమస్తా చిట్టీని చేతికివ్వకుండా కిటికీలోంచి విసిరాడు. ఇనియన్ నవ్వుకున్నాడు. బండిని రోడ్డెక్కించాడు, తొప్పూరు కనుమ ఎక్కాడు, గేరు ఒక్కసారి కూడా అరవలేదు. ధర్మపురి దగ్గర పోలీసు ఆపి, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయని కోప్పడ్డాడు. టోల్‌గేటులో ఆడపిల్ల తప్ప మిగతావాళ్ళంతా 'రేయ్' అన్నారు. హోటల్లో కారువాళ్ళ వైపు చేతులు కడుక్కోబోతే, లారీవాళ్ళ కుళాయి వెనకాల ఉందన్నారు. వెనకాల కుళాయి ఉంది. నీళ్ళు లేవు. అయినా ఇనియన్ పళ్ళు బిగబట్టి కృష్ణగిరి దాకా వచ్చాడు.

కుళందవేలుకు మధ్యాహ్న భోజనం అయ్యాక, రోడ్డు మీదున్న ఒక్కొక్క బండికీ ఫోను చేసి తిట్టడం అలవాటు. కొందరికి తాంబూలం లాంటిది అది. ముప్పై ఏళ్ళ అలవాటు. ప్రతి బండిలోనూ ఆ బండి ఫోను ఒకటి కట్టి ఉంటుంది. ఒంటిగంటకు ఆయన వరసలో ఏడో నెంబరు నొక్కాడు. అవతల ఎవరన్నది చూడలేదు, ఎప్పుడూ చూడడు.

"ఒరే దున్నపోతా! పొద్దున పోయినవాడివి ఇంకా కృష్ణగిరి దాటలేదా? ఏ చెట్టు కింద పొర్లుతున్నావురా? నీ అయ్య బండి అనుకున్నావా?"

"అవును నాన్నా, మా అయ్య బండే," అన్నాడు ఇనియన్.

ఇనియన్ బండిని పక్కన ఆపి, తాళం వేసి, తాళం చెవి టీకొట్టు ముసలాయనకిచ్చి సెంగోడన్‌కు ఫోను చేశాడు.

సెంగోడన్ ఆ సమయానికి పట్టుపంచె కట్టి చూసుకుంటున్నాడు. సగ్గుబియ్యం నిండిన బండి దారిలో నిలబడితే మాకు ఇంట్లో శవం లేవకుండా ఉన్నట్టే. ఎవరి బండి, ఎవరి తప్పు అని చూడం. పట్టుపంచె మడిచి పావాయి చేతిలో పెట్టి బస్సెక్కాడు. పావాయి అతను ఎక్కిన బస్సు పోయేదాకా చూసి, వంటవాళ్ళను ఆగమని ఫోను చేసింది.

సాయంత్రం అయిదింటికి సెంగోడన్ చేరేసరికి టీకొట్టు బల్ల మీద ఇనియన్ కూర్చుని ఉన్నాడు.

"బండి నడపడం కష్టమనిపించలేదు మామా. నిజంగా చెబుతున్నా. కనుమలో గాలి తగిలితే ఇదే నా పని అనిపించింది."

"మరి?"

"పొద్దున్నుంచి పదకొండు మంది నన్ను 'రేయ్' అన్నారు. పదకొండోవాడు మా నాన్న."

"పదకొండేనా?" సెంగోడన్ టీ ఊదుకున్నాడు. "మంచి రోజే నీది."

"నీకు కోపం రాదా మామా?"

"మొదట్లో వచ్చేది. ఆ తర్వాత నా పేరే అదనుకున్నాను. మీ నాన్న కూడా క్లీనరుగా ఉన్నప్పుడు ఏడ్చాడు తంబీ, నాచిముత్తు తిట్టాడని. పెద్దవాడయ్యాక ఎవరినీ ఇట్లా తిట్టనని ఆంజనేయస్వామి గుళ్ళో ఒట్టేసుకున్నాడు. అప్పుడాయన దగ్గర బండి లేదు మరి."

అప్పుడే సెంగోడన్ ఫోను మోగింది. కుళందవేలు. గొంతు కొత్తగా ఉంది.

"సెంగోడన్ గారూ, అన్నం తిన్నారా?"

"ఏమైందయ్యా? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నాను. మీరు… నువ్వు… నాగపూరు కొంచెం చూసుకుంటావా? రావడానికి తొందరేం లేదు, అక్కడినుంచి కమలాపళ్ళ లోడు మాట్లాడి ఉంచాను…"

నలభై ఏళ్ళలో సెంగోడన్ ఓనరు మాటకు అడ్డం చెప్పడం అదే మొదటిసారి. అతని విజయాల పట్టికలో దీన్ని కూడా రాస్తున్నాను. "బస్తాలు దించుతాను. దించిన వెంటనే ఖాళీ బండితో తిరిగొస్తాను. కమలాలూ వద్దు, ఉల్లిగడ్డలూ వద్దు."

"ఖాళీగానా!" ఆ కేక ఫోను లేకుండా కూడా కృష్ణగిరికి వినబడేదే. మా దగ్గర ఖాళీగా తిరిగిరావడం అంటే పెళ్ళికి బట్టలు లేకుండా రావడం లాంటిది. పక్కనుంచి ఇనియన్ ఫోను అందుకుని, "ఖాళీగానే నాన్నా. లేకపోతే మహానాడు ఫొటో తీసిన పేపరువాళ్ళ నెంబరు నా దగ్గరుంది," అన్నాడు. కుళందవేలు ఒప్పుకున్నాడు. ఇనియన్ బస్సెక్కి ఇంటికి పోయాడు. సెంగోడన్ కుడి తలుపు తెరిచి ఎక్కాడు.

నాగపూరుకు అనుకున్న రోజే చేరాడు. అక్కడ గౌరీ పండగ. హమాలీలు రెండో తారీకు మధ్యాహ్నం దాకా రారు. గోదాము ముందు తొమ్మిది బండ్ల వెనక తన బండి నిలబెట్టి, అక్కడే వండుకుంటున్నాడు. లెక్క వేస్తే నాలుగో తారీకు ముహూర్తానికి అతను ఇంకా తెలుగు నేల మీదే ఎక్కడో ఉంటాడు.

ఈ మాట విని పావాయి నిన్న పూజారి దగ్గరికి పోయింది, నన్ను వెంటబెట్టుకుని.

"గురువారం పోతే నక్షత్రం దాటిపోతుందమ్మా," అన్నాడు పూజారి. "వచ్చే నెల పురట్టాసి. పెళ్ళిళ్ళు పనికిరావు."

"శుక్రవారానికి పెట్టు సామీ."

"నక్షత్రం ఉండదంటున్నా కదమ్మా."

"ముప్పై నాలుగేళ్ళు ఆయన బండి కోసం నేను కాచుకున్నా. ఒక్కరోజు నక్షత్రాన్ని కాచుకోమను."

పూజారి నా వైపు చూశాడు. నేను గోడ మీది గడియారం వైపు చూశాను. చివరికి ఆయన పంచాంగం తిరగేసి, శుక్రవారం సాయంత్రం కూడా తీసిపారేయాల్సింది కాదని ఒప్పుకున్నాడు. మూడు వందల శుభలేఖల మీదా పావాయి నీలం పెన్నుతో నాలుగు కొట్టేసి అయిదు వేసింది, ఉదయం కొట్టేసి సాయంత్రం వేసింది. పంచిపెట్టడానికి గోకుల్ మోటారు సైకిలు తెచ్చుకున్నాడు. స్టీరింగు పుచ్చుకునేవాడు ఇప్పటికీ దొరకలేదు. కుళందవేలు పెరట్లో నిలబడ్డ బండ్లు పదహారయ్యాయి.

సెంగోడన్ తిరిగి వచ్చేది ఆవణి ఇరవై, సెప్టెంబరు అయిదు, శుక్రవారం.